నురగ రాని నీళ్లు

హైదరాబాద్ శివార్లలో కఠిన జలాలు ఒంటికి చేసే చేటు కన్నా ఇంటి ఖర్చుకు పెట్టే చిల్లే పెద్దది

హైదరాబాద్ శివారు అపార్ట్‌మెంట్లలో నీళ్లు రెండు రకాలు. వంటింట్లో ఒక కుళాయికి వచ్చేవి ‘మంజీరా నీళ్లు’. మిగతా అన్నిటికీ వచ్చేవి ‘బోరు నీళ్లు’. కృష్ణా జలాలు 2004లో, గోదావరి జలాలు 2015లో నగరానికి చేరినా, జలమండలి పైపులో వచ్చేది ఏ నది నీరైనా జనం నోట మంజీరాయే. నిజాంపేట, బాచుపల్లి లాంటి చోట్ల అద్దె ఇల్లు వెతికేవారు పడగ్గదులెన్ని అని అడగడానికి ముందే మంజీరా కనెక్షన్ ఉందా అని అడుగుతారు.

కారణం ఇల్లంతా కనిపిస్తూనే ఉంటుంది. కుళాయి మూతికి తెల్లటి గార. షవర్ రంధ్రాలు సగం మూసుకుపోయి ఉంటాయి. స్టీలు గిన్నెలు ఆరితే మచ్చలు. కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా మెత్తబడదు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, ఒళ్లు జిడ్డు వదలదు. అన్నిటికన్నా ఖరీదైన దెబ్బ గీజర్‌కు. నీళ్లు కాగినప్పుడు అందులోని కాల్షియం బైకార్బొనేట్ కాస్తా సున్నపురాయిగా మారి కాయిల్‌కు పెచ్చులు కడుతుంది. వేడి నీటికి చేరక కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరికి కాయిలే కాలిపోతుంది.

ఇదంతా భూగర్భం చేస్తున్న పని. నగరం కింద ఉన్నది గ్రానైట్. నీళ్లు నిలిచేది ఆ రాతి పగుళ్లలోనే. చెరువులు పూడి, నేలంతా కాంక్రీటు పరుచుకున్నాక వాన నీరు ఇంకే దారి తగ్గింది. బోర్లు మాత్రం లోతుకు పోతూ కొన్నిచోట్ల వెయ్యి అడుగులు దాటాయి. రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీరు కాల్షియం, మెగ్నీషియం లవణాలను ఎక్కువగా కరిగించుకుంటుంది. తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించరాదన్నది భారత ప్రమాణాల సంస్థ నిబంధన. వేరే దిక్కు లేనప్పుడే 600 వరకూ అనుమతి.

అయితే జనంలో ఉన్న భయాలన్నీ నిజం కావు. కాఠిన్యానికి ఆరోగ్య కారణాలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎలాంటి పరిమితీ పెట్టలేదు. చర్మం పొడిబారడం, దురద నిజమే. కానీ బ్రిటన్‌లో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల మీద జరిపిన పరీక్షలో, ఇంట్లో సాఫ్ట్‌నర్ పెట్టినా అదనపు మేలు కనిపించలేదని 2011లో తేలింది. బోరు నీటిలో నిజంగా భయపడాల్సినవి ఫ్లోరైడ్, నైట్రేట్. అవి గార కట్టవు, కంటికి కనిపించవు.

ఈ భయమే వ్యాపారులకు పెట్టుబడి. ఆర్వో యంత్రం అమ్మేవారు గ్లాసు నీటిలో ఇనుప కడ్డీలు ముంచి కరెంటు పెడతారు. బోరు నీళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ఆర్వో నీళ్లు తేటగా ఉంటాయి. నిజానికి ఆ రంగు కడ్డీల నుంచి వచ్చిన తుప్పుదే. లవణాలు లేని నీటిలో కరెంటు సరిగా పారదు కాబట్టి తుప్పు రాదు. వాళ్లు చూపించే టీడీఎస్ మీటర్ కూడా కాఠిన్యాన్ని విడిగా చెప్పదు. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి సోడియాన్ని పెడుతుంది కాబట్టి టీడీఎస్ దాదాపు అలాగే ఉంటుంది. అది చూసి యంత్రం పనిచేయడం లేదనుకునే వారెందరో.

పరిష్కారాలకూ మూల్యం ఉంది. సాధారణ ఇంటి ఆర్వో లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు వృథాగా వదులుతుంది. సాఫ్ట్‌నర్‌ను శుభ్రం చేసిన ఉప్పు నీరు మురుగులో కలుస్తుంది. మామూలు మురుగుశుద్ధి ప్లాంటు ఆ ఉప్పును తీయలేదు. ఎవరింటి నీటిని వాళ్లు బాగుచేసుకుంటూ అందరి నీటినీ పాడుచేస్తున్నట్టే.

అసలు అన్యాయం మరోటి. 2021 జనవరిలో గ్రేటర్ పరిధిలో నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం మొదలైంది. అది జలమండలి కనెక్షన్ ఉన్నవారికే. పైపు చేరని శివారు కాలనీ ట్యాంకర్‌కు, క్యాన్‌కు, సాఫ్ట్‌నర్ ఉప్పుకు, గీజర్ కాయిల్‌కు జేబులోంచే చెల్లించుకోవాలి. ఆ స్థోమత లేని అద్దె గదిలో ఆ భారం రోజూ బట్టలుతికే చేతుల మీద పడుతుంది.

కుళాయి ఎండితే జనం ఖాళీ బిందెలతో రోడ్డెక్కుతారు. కుళాయికి గార కడితే ప్లంబర్‌ను పిలుస్తారు. అందుకే కఠిన జలం ఏ ఎన్నికలోనూ అంశం కాలేదు. బోర్ల తవ్వకాన్ని నియంత్రించడానికి, వాన నీటిని ఇంకించడానికి 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. ఇంకుడు గుంత ఇంటి ప్లాన్ కాగితం మీద ఉంటే చాలదు. గుంతలు తవ్వించడం, నది నీటి పైపును శివారు చివరి వీధి దాకా తేవడం ప్రభుత్వం చేయాల్సిన పని. ఇంటివారి చేతిలో ఉన్నవి కొన్నే: యంత్రం కొనే ముందు నీటిని ప్రయోగశాలలో పరీక్షించి కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్ ఎంతో తెలుసుకోవడం, గీజర్ వేడిని తగ్గించి పెట్టుకోవడం, గారను వెనిగర్‌తో తుడవడం. పైపు వచ్చేదాకా ఇవి కాలక్షేపం మాత్రమే.