ఏ విల్లు పట్టాలి?

విలువిద్య అనగానే అర్జునుడు, ఏకలవ్యుడు గుర్తుకొస్తారు. ఇప్పుడది పోటీల ఆట. విల్లును బట్టి పోటీ ఉంటుంది. మన దేశంలో ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

మొదటిది వెదురు విల్లు. ఖర్చు తక్కువ. ఈ పోటీని ఇండియన్ రౌండ్ అంటారు.

రెండోది రికర్వ్. దీని కొసలు ముందుకు వంగి ఉంటాయి. పెద్దల పోటీలో గురి 70 మీటర్ల దూరం. విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ విల్లే పట్టాడు.

మూడోది కాంపౌండ్. దీని కొసలకు గిలకల్లాంటి చక్రాలుంటాయి. నారి పూర్తిగా లాగాక చేతి మీద బరువు బాగా తగ్గుతుంది. గురి 50 మీటర్ల దూరం. ఖర్చు ఎక్కువ. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో దీనితోనే 3 బంగారు పతకాలు గెలిచింది.

మరి కొత్తగా నేర్చుకునే పిల్లల సంగతేమిటి? గట్టి విల్లు పట్టడం గొప్ప కాదు. చేయి వణుకుతుంది, గురి తప్పుతుంది. భుజం దెబ్బతింటుంది. ముందు శిక్షకుని దగ్గరున్న తేలికపాటి విల్లుతో నేర్చుకోవాలి. నారి లాగి, వణక్కుండా కాసేపు నిలబడగలిగితే ఆ విల్లు సరిపోయినట్టే. బాణం పెట్టకుండా నారి లాగి వదలకూడదు. విల్లు విరగొచ్చు.

పిల్లల సరదా చూసి అప్పు చేసి విల్లు కొనొద్దు. ముందు బలం, తర్వాతే సొంత విల్లు.