బిందు సేద్యంలో వైర్‌లెస్ వాల్వు నియంత్రణ: స్థాపనలోను, నిర్వహణలోను పాటించవలసిన సూత్రాలు

బిందు సేద్య క్షేత్రాలలో వైర్‌లెస్ నియంత్రణ పరికరాలను అమర్చేటప్పుడు సందేశం ఎంత దూరం చేరుతుందన్న విషయంపైనే సాధారణంగా దృష్టి పెడతాం. సందేశం చేరనప్పుడు వాల్వు ఏ స్థితిలో ఉంటుందన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. ప్రతి 0.6 చదరపు మీటర్లకు గంటకు 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పరు ఒకటి ఉన్న పొలంలో గంటకు 6.7 మి.మీ. నీరు పడుతుంది. రోజుకు 5 మి.మీ. అవసరమైన పైరుకు 45 నిమిషాలు చాలు. మూసివేత ఆదేశం చేరక వాల్వు 8 గంటలు తెరిచి ఉంటే 53 మి.మీ., అనగా పది రోజులకు పైగా సరిపోయే నీరు ఒక్క రాత్రిలో పడుతుంది. వేళ్లకు గాలి అందదు. నైట్రేట్ రూపంలోని నత్రజని వేరు మండలాన్ని దాటి కిందికి పోతుంది.

వ్యవస్థ నిర్మాణం

లోరావాన్ పద్ధతిలో తేమ సెన్సర్లు, వాల్వు కంట్రోలర్లు రేడియో తరంగాల ద్వారా గేట్‌వేతో సంభాషిస్తాయి. గేట్‌వే ఆ సందేశాలను నెట్‌వర్క్ సర్వరుకు చేరవేస్తుంది. భారతదేశంలో నిర్ణీత శక్తి పరిమితులకు లోబడి 865–867 మెగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వినియోగించవచ్చు. పరికరాలన్నింటినీ భారతీయ ఛానళ్లకే (865.0625, 865.4025, 865.985 మెగాహెర్ట్జ్) అమర్చాలి. యూరప్‌కు ఉద్దేశించిన 868 మెగాహెర్ట్జ్ అమరికతో వచ్చిన పరికరం ఈ గేట్‌వేతో అనుసంధానం కాదు.

స్థాపన

యాంటెన్నా బిగించిన తరువాతే గేట్‌వేకు విద్యుత్తు ఇవ్వాలి. లేనిచో ప్రసార భాగం దెబ్బతినవచ్చు. అనంతరం గేట్‌వేను, ప్రతి పరికరపు గుర్తింపు సంఖ్యను, రహస్య కీని సర్వరులో నమోదు చేయాలి. స్తంభానికి ఎర్తింగు, పిడుగు రక్షణ తప్పనిసరి. వ్యవసాయ ఫీడరులో సరఫరా నిర్ణీత గంటలకే పరిమితమైన చోట బ్యాటరీ లేదా సౌర ఫలకం అవసరం.

యాంటెన్నా ఎత్తును పైరు పూర్తిగా ఎదిగిన దశను బట్టి నిర్ణయించాలి. ఈ పౌనఃపున్యంలో ఒక కిలోమీటరు దూరానికి, తరంగ మార్గం మధ్యలో మొదటి ఫ్రెనెల్ మండల వ్యాసార్ధం సుమారు 9.3 మీటర్లు. అందులో 60 శాతమైనా, అనగా 5.6 మీటర్లు, అడ్డు లేకుండా ఉండాలి. విత్తిన వారంలో చక్కగా పనిచేసిన అనుసంధానం మొక్కజొన్న నిలువెత్తు పెరిగాక బలహీనపడడానికి కారణం ఆకులలోని నీరే. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 7 నుండి 12 వరకు ఒక్కొక్క మెట్టు పెరిగే కొద్దీ ప్రసార కాలం దాదాపు రెట్టింపవుతుంది. ఖాళీ పొలంలోనే 12వ మెట్టుపై ఆధారపడే పరికరానికి ఇక మిగులు లేదని గ్రహించి యాంటెన్నాను ఎత్తు పెంచాలి.

వాల్వు ఆదేశం

క్లాస్ ఎ పరికరం తాను సందేశం పంపిన వెంటనే కొద్ది సేపు మాత్రమే వింటుంది. అరగంటకొకసారి సందేశం పంపే కంట్రోలరుకు మన ఆదేశం చేరడానికి అరగంట వరకు పట్టవచ్చు. క్లాస్ సి పరికరం నిరంతరం వింటుంది; కాని దానికి విద్యుత్తు ఎక్కువ కావాలి. బ్యాటరీతో నడిచే కంట్రోలర్లలో సాధారణంగా లాచింగ్ సోలినాయిడ్ వాడతారు. క్షణకాలపు విద్యుత్ స్పందనతో స్థితి మార్చుకొని, విద్యుత్తు లేకున్నా అదే స్థితిలో నిలిచిపోవడం దీని స్వభావం. తెరిచి ఉండగా బ్యాటరీ అయిపోతే వాల్వు తెరిచే ఉంటుంది.

కనుక 'తెరువు', 'మూయు' అని రెండు వేర్వేరు ఆదేశాలపై ఆధారపడరాదు. '45 నిమిషాలు తెరువు' అని వ్యవధితో కూడిన ఒకే ఆదేశం పంపాలి. మూసివేతను కంట్రోలరులోని గడియారమే జరపాలి. మూయడానికి చాలినంత ఛార్జి లేనప్పుడు అసలు తెరవకుండా అమర్చాలి.

నిర్వహణ

ఆదేశం అందినట్లు వచ్చే ధ్రువీకరణ నీరు పారినట్లు ధ్రువీకరణ కాదు. నీటి మీటరు లేదా పీడన సెన్సరు రీడింగే అందుకు సాక్ష్యం. సందేశాల వరుస సంఖ్యలలోని ఖాళీలను వారానికొకసారి పరిశీలిస్తే బలహీనపడుతున్న అనుసంధానం ముందే తెలుస్తుంది.

వ్యవస్థను రైతుకు అప్పగించే ముందు ఒక పరీక్ష తప్పక చేయాలి. వాల్వు తెరిచి ఉండగా గేట్‌వేకు విద్యుత్తు ఆపి, నిర్ణీత సమయానికి వాల్వు దానంతటదే మూసుకుంటుందో లేదో రైతు సమక్షంలో చూడాలి. చేతితో మూసే విధానాన్ని కూడా అప్పుడే నేర్పాలి. ఈ పరీక్షలో నెగ్గని పరికరాన్ని, దాని ప్రసార దూరం ఎంత ఎక్కువైనా, పొలానికి సిఫార్సు చేయరాదు.