మీకు తెలుసా? వార్డెన్ సంతకం అమ్మానాన్నల అంగీకారం కాదు

2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా ఇది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మందికి వేశారు. అమెరికాకు చెందిన పాథ్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం అది. ఆ పిల్లల్లో ఎందరో గిరిజన కుటుంబాల నుంచి వచ్చి, ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకుంటున్నవాళ్లు.

మరి అంగీకార పత్రాల మీద సంతకాలు ఎవరివి? 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఆ లెక్క ఉంది. రాష్ట్రంలో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకం చేశారు. 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. చదువురాని తల్లి వేలిముద్ర వేయడంలో తప్పేమీ లేదు. ఆ కాగితంలో ఏముందో ఆమెకు ఎవరు చదివి వినిపించారు, అప్పుడు పక్కన సాక్షిగా ఎవరున్నారు అన్నదే అడగాల్సిన ప్రశ్న.

2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపించింది. ఆ మధ్యలో జరిగిన కొందరు పిల్లల మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణ కమిటీకి కనబడలేదు. టీకా మంచిదే. కానీ మంచిది కదా అని ఇంట్లో అడగకుండా బిడ్డకు సూది వేస్తే, ఆ తల్లిదండ్రులను మనుషులుగా లెక్కచేయనట్టే.

ఇప్పుడు నియమాలు గట్టిపడ్డాయి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రులు ఒప్పుకుంటే చాలదు, ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టం కూడా తెలుసుకోవాలి. 12 ఏళ్లు దాటితే అది రాతపూర్వకంగా ఉండాలి. కొత్త మందుల ప్రయోగాల్లో, ఒత్తిడికి లొంగే పరిస్థితిలో ఉన్నవాళ్ల అంగీకారాన్ని వీడియో తీసి భద్రపరచాలి. హెచ్‌ఐవీ, కుష్ఠు మందుల ప్రయోగాల్లో మాత్రం ఆడియో చాలు, ముఖం రికార్డు కాదు. చదవలేనివారి విషయంలో, పరిశోధకులతో సంబంధం లేని సాక్షి మొదటినుంచీ అక్కడే కూర్చోవాలి.

పరిశోధన కోసమని ఎవరైనా మీ ముందు కాగితం పెడితే వెంటనే సంతకం చేయకండి. తెలుగులో ఇమ్మనండి, ఇంట్లోవాళ్లకు చూపించి వస్తానని చెప్పండి. సంతకం చేశాక కూడా ఎప్పుడైనా తప్పుకోవచ్చు, ఎందుకని కారణం చెప్పనక్కర్లేదు. తప్పుకున్నంత మాత్రాన మీకు అందాల్సిన మామూలు వైద్యం ఆగకూడదు. ఆ పత్రం కాపీ ఒకటి మీ చేతికి ఇవ్వాల్సిందే, అడిగి తీసుకోండి.