చిరివేరు: నేలను పాకే ఎరుపు

సహజ రంగుల బట్టకు మరల గిరాకీ కలిగినందున, వర్తూరు వైపు కొద్దిపాటి పెరడు గల నేత కుటుంబములకు చిరివేరు పెంచుదమను కోరిక కలుగుట సహజమే. పనికి దిగుటకు ముందు దీని సంగతి కొంత తెలిసికొనుట మంచిది.

ఇది కోస్తా ఇసుకనేలలలో నేలబారుగా పరచుకొని పెరిగే మొక్క. ఆకులు సన్నము, పూలు తెల్లనివి, చిన్నవి, గుత్తులుగా పూయును. తెలియనివాడు గడ్డి అనుకొని తొక్కిపోవును. విలువంతయు సన్నగా, పొడుగుగా దిగిన వేరులో, అందునను వేరు పైబెరడులో ఉన్నది. మంజిష్ఠ, తొగరు, కాఫీ కూడ ఈ కుటుంబములోనివే. సామర్లకోటలో ఉండి మన మొక్కలను పరిశీలించిన రాక్స్‌బరో దొర, 1795లో అచ్చయిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథము మొదటి సంపుటములోనే దీని బొమ్మ వేయించి, అద్దకపు పద్ధతిని కూడ వ్రాసెను. మచిలీపట్నం, నిజాంపట్నం ప్రాంతముల ఎరుపును పదునేడవ శతాబ్దమందే విదేశీ వర్తకులు మెచ్చుకొనిరి.

వేరు ఒక్కటే రంగు నిలుపదు. ముందు నూలుకు పటిక పట్టించవలెను. ఇనుపనీరు పట్టించినచో అదే వేరు ఊదా చాయ నిచ్చును. నీటిలో కొంచెము సున్నపు అంశమున్నచో ఎరుపు తేటపడును. అందుచేత నీటి విషయమున జాగ్రత్త అవసరము. బెళ్ళందూరు చెరువు పొంగిన నీరు వర్తూరు చెరువులోనికే వచ్చును. నగరపు మురుగు వలన 2015లో ఆ నురుగు రోడ్డెక్కినది. ఆ నీటిని అద్దకమునకు తలపెట్టరాదు.

ఇక పెంపకము. రెండేండ్ల వేరు మంచిది. వేరు తీసినచో మొక్క పోయినట్లే. ఎర్రమట్టి గట్టిపడినచో తవ్వునపుడు వేరు తెగును గనుక, ఇసుక బాగుగా కలిపి మడి వేసికొనవలెను.

1868లో జర్మనీలో గ్రేబే, లీబర్‌మన్ అను రసాయన శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ను కృత్రిమముగా తయారు చేసిరి. చిరివేరులోని ముఖ్యమైన రంగు పదార్థమును అదే. అటుపై వేరు బేరము క్రమముగా పడిపోయెను. నేడు కలంకారీలో సయితము చాలచోట్ల అలిజరిన్ పొడినే వాడుచున్నారు. అది తప్పు కాదు. కాని పదార్థము ఒకటే గనుక, ఏది వేరో ఏది పొడియో కొనువాడు ఉతికి చూచి తేల్చలేడు. అద్దినవాని మాటే సాక్ష్యము. పొడితో అద్ది చిరివేరు అని చీటీ కట్టినవాడొకడు బయటపడినచో, నిజముగా వేరుతో అద్దిన పదిమంది బట్టకును అనుమానము తగులును. మడి చిన్నదైనచో అంచుకు సరిపడు నూలు మాత్రమే అద్ది, అంచు వరకే చిరివేరని చీటీపై వ్రాయవలెను.