పాత కారుకు టర్బో: అసలు పరీక్ష మేనిఫోల్డ్ దగ్గరే

మారుతి ఎస్టీమ్ లాంటి పాత పెట్రోల్ కార్లు ఇప్పుడు చౌకగానే దొరుకుతున్నాయి. డీజిల్ కార్ల నుంచి ఊడదీసిన చిన్న టర్బోలు ముంబయిలోని కుర్లా, దిల్లీలోని మాయాపురి, చెన్నైలోని పుదుపేట వంటి పాత విడిభాగాల బజార్లలో కనిపిస్తూనే ఉంటాయి. ఈ రెండింటినీ కలిపితే తక్కువ ఖర్చులో దూసుకుపోయే కారు తయారవుతుందన్న ఆలోచన కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లకు రావడం సహజమే. అయితే ఆ ఇంజిన్‌కు, ఆ టర్బోకు మధ్య ఒక ఇనుప భాగం కావాలి. సిలిండర్ల నుంచి వచ్చే పొగను పోగుచేసి టర్బో నోటికి అందించే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ అది. ఈ జతకు సరిపోయే మేనిఫోల్డ్ మామూలు విడిభాగాల దుకాణంలో ఉండదు. ఉన్నదాన్ని మార్చుకోవాలి, లేదా కొత్తగా చేయించుకోవాలి. చేతికి డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు మొదట పొదుపు చేయాలనుకునేది కూడా దీని మీదే. చూడటానికి నాలుగు గొట్టాలు, ఒక పలక తప్ప అందులో ఏమీ లేదనిపిస్తుంది మరి.

మామూలు ఇంజిన్‌లో మేనిఫోల్డ్ పని తేలిక. పొగను సైలెన్సర్ వైపు పంపిస్తే చాలు. టర్బో వచ్చాక అదే భాగం మూడు బరువులు మోయాలి. మొదటిది టర్బో బరువు. చిన్నదే అయినా నాలుగైదు కిలోలు ఉంటుంది. రెండోది పీడనం. పొగకు దారిలో టర్బైన్ చక్రం అడ్డుగా ఉంటుంది కాబట్టి దాని వెనుక ఒత్తిడి పెరుగుతుంది. మూడోది వేడి. అన్నిటికంటే మొండిది ఇదే. పెట్రోల్ ఇంజిన్ గట్టిగా లాగుతున్నప్పుడు ఎగ్జాస్ట్ వాయువు 900 డిగ్రీల సెల్సియస్ దాటిపోగలదు. చీకట్లో చూస్తే మేనిఫోల్డ్ ఎర్రగా కనిపించేంత వేడి అది. వృథాగా పోయే ఈ శక్తితోనే గాలిని కుదించి ఇంజిన్‌లోకి నెట్టవచ్చని స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూహి 1905లోనే పేటెంట్ తీసుకున్నారు. ఆ ఆలోచన పనిచేయాలంటే వేడిని దారిలో పోనివ్వకుండా టర్బైన్ దాకా తీసుకెళ్లాలి. అందుకే మేనిఫోల్డ్‌ను చల్లబరుస్తూ బతికించుకునే వీలు పెద్దగా ఉండదు.

ఇనుము సాగుతుంది, దాన్ని ఆపలేం

వేడెక్కిన లోహం సాగుతుందన్నది బడి పాఠమే. ఎంత సాగుతుందో లెక్క వేస్తే విషయం తెలుస్తుంది. 300 మిల్లీమీటర్ల పొడవున్న మైల్డ్ స్టీల్ గొట్టం 750 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే 4 మిల్లీమీటర్లు. అది బిగించి ఉన్న అల్యూమినియం హెడ్ చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి దాని వేడి వంద డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, సాగేది అర మిల్లీమీటరే. అంటే ఒకదానికొకటి గట్టిగా బిగించిన రెండు భాగాల్లో ఒకటి 3 మిల్లీమీటర్లు కదలాలని చూస్తుంది, రెండోది దాదాపు కదలనంటుంది. ఈ గుంజులాట ఇంజిన్ వేడెక్కిన ప్రతిసారీ ఒకవైపు, చల్లారిన ప్రతిసారీ మరోవైపు జరుగుతుంది. చివరికి స్టడ్డు తెగుతుంది, లేదా ఫ్లాంజ్ విల్లులా వంగి ప్యాకింగ్ కాలిపోతుంది, లేదా వెల్డింగ్ పక్కన పగులు వస్తుంది.

మేనిఫోల్డ్ పగిలిందనగానే షెడ్డుల్లో చాలామంది చేసే పని ఇంకా మందమైన పలక వేయడం, మరో రెండు చోట్ల వెల్డింగ్ పెట్టి గట్టి చేయడం. అనుభవం ఉన్నవాళ్లు దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్తారు. ఫ్లాంజ్‌లో మధ్య రంధ్రాలను మాత్రమే స్టడ్డుకు సరిగ్గా పట్టేలా ఉంచి, చివరలకు పోయేకొద్దీ రంధ్రాలను ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దవి చేస్తారు. పోర్టుకూ పోర్టుకూ మధ్య ఫ్లాంజ్‌ను రంపంతో కోసి విడదీస్తారు. మధ్యలో పట్టు ఉంటుంది, రెండు చివరలూ జరగడానికి చోటు దొరుకుతుంది. కార్ల కంపెనీలు పోత మేనిఫోల్డ్‌లకు చివరి రంధ్రాలు కోలగానో పెద్దగానో పెట్టడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

మూడు దారులు

ఉన్న పోత ఇనుము మేనిఫోల్డ్‌నే వాడుకోవడం అన్నిటికంటే చౌకైన దారి. దాని బయటి ఫ్లాంజ్ బోల్టుల అమరిక ఒకలా, టర్బో ఫ్లాంజ్ అమరిక మరోలా ఉంటుంది. రెండింటికీ సరిపడేలా 12 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో మందమున్న ఉక్కు పలకకు రెండు రకాల రంధ్రాలు చేసి మధ్యలో పెడతారు. దీన్నే అడాప్టర్ ప్లేట్ అంటారు. లేత్, డ్రిల్లింగ్ పనితో అయిపోతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఆ పనులు చేసే షాపులు పక్కపక్కనే ఉంటాయి. పోత ఇనుము వేడికి అలవాటుపడ్డ లోహం కాబట్టి సన్నని గొట్టాల కంటే ఇది ఎక్కువ కాలం నిలిచే అవకాశం ఉంది. చిక్కల్లా చోటుతోనే. కంపెనీ మేనిఫోల్డ్ నోరు సాధారణంగా కిందికి తిరిగి ఉంటుంది. అక్కడ టర్బోను వేలాడదీస్తే అది మరీ కిందికి పోతుంది. పోర్టులు, స్టడ్డులు పైకీ కిందికీ ఒకే కొలతలో ఉన్న ఇంజిన్లలో మేనిఫోల్డ్‌ను బోర్లించి బిగించి, నోటిని పైకి తెచ్చుకోవడం పాత చిట్కా. అన్ని ఇంజిన్లకూ ఇది కుదరదు. పాత ప్యాకింగ్‌ను తిరగేసి హెడ్ మీద పెట్టి చూస్తే కుదురుతుందో లేదో నిమిషంలో తెలిసిపోతుంది.

రెండో దారి, పోత మేనిఫోల్డ్‌ను కోసి దానికి టర్బో ఫ్లాంజ్‌ను వెల్డింగ్ చేయడం. ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. పోత ఇనుములో కార్బన్ 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. మామూలు రాడ్డుతో వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనున్న లోహం గాజులా పెళుసుబారి, చల్లారుతున్నప్పుడే టిక్కుమని పగులుతుంది. నికెల్ రాడ్డు వాడాలి. ముందు మొత్తం ముక్కను వేడిచేయాలి. కొద్దికొద్దిగా వెల్డింగ్ చేస్తూ, అయ్యాక బూడిదలోనో పొడి ఇసుకలోనో కప్పి గంటల తరబడి నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఇవన్నీ చేసినా, రోజూ ఎర్రగా కాలే చోట ఆ అతుకు ఎంతకాలం నిలుస్తుందో ఏ వెల్డరూ మాట ఇవ్వలేడు.

మూడోది కొత్తగా కట్టుకోవడం. దీనికి కార్ల దుకాణం కంటే పైపుల దుకాణం ఎక్కువ ఉపయోగపడుతుంది. బాయిలర్, ఆవిరి లైన్ల కోసం అమ్మే షెడ్యూల్ 40 రకం ఉక్కు బెండ్లు ఈ పనికి బాగా నప్పుతాయి. అంగుళంపావు సైజు బెండ్ బయటి వ్యాసం 42.2 మిల్లీమీటర్లు, గోడ మందం మూడున్నర మిల్లీమీటర్లు. సైలెన్సర్ షాపులో దొరికే సన్నని పైపుకు దీనితో పోలికే లేదు. నాలుగు పోర్టులనూ ఒకే అడ్డ గొట్టంలో కలిపేసి మధ్యలో టర్బో ఫ్లాంజ్ పెడితే అది లాగ్ మేనిఫోల్డ్. చూడటానికి మొరటుగా ఉంటుంది. ఒక సిలిండర్ పొగ మరో సిలిండర్ పొగకు అడ్డుపడుతుంది, పై వేగాల్లో కొంత శక్తి పోతుంది. కానీ పొట్టిగా, బలంగా ఉంటుంది, వేడి ఎక్కువ పోదు, టర్బో త్వరగా తిరుగుతుంది. సమాన పొడవు గొట్టాలతో అల్లిన స్టెయిన్‌లెస్ మేనిఫోల్డ్ ఫొటోల్లో అందంగా ఉంటుంది. రోజూ నడిపే, డబ్బు తక్కువున్న కారుకు మొరటు లాగ్ మేనిఫోల్డే మేలు. మైల్డ్ స్టీల్‌కు ఒక లోపం లేకపోలేదు. ఎర్రబడేంత వేడిలో దాని లోపలి గోడ పొరలుగా పెచ్చులూడుతుంది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బైన్ చక్రానికి ఆ పెచ్చులు తగలడం మంచిది కాదు. అందుకే ఇలాంటి మేనిఫోల్డ్‌ను అప్పుడప్పుడు విప్పి లోపల చూసుకోవాలి.

కట్టే పద్ధతిలోనూ ఒక మెలకువ ఉంది. పాడైన హెడ్ ఒకటి పాత సామాన్ల షాపు నుంచి తెచ్చి, ఫ్లాంజ్‌ను దానికి బిగించి ఉంచే వెల్డింగ్ చేయాలి. లేకపోతే వేడికి ఫ్లాంజ్ అరటి కాయలా వంగిపోతుంది. అలా చేసినా కొంత వంపు మిగులుతుంది. ఇంజిన్ హెడ్‌లకు ఫేసింగ్ చేసే షాపులోనే దాన్నీ చదును చేయిస్తే ప్యాకింగ్ నిలుస్తుంది. ఈ పనికి అయ్యే ఖర్చు చిన్నది, ఎక్కువ మంది వదిలేసేదీ ఇదే.

టర్బో కోరేది వేరు

స్విఫ్ట్, ఇండికా విస్టా వంటి కార్లలో వచ్చిన 1248 సీసీ ఫియట్ డీజిల్ ఇంజిన్ టర్బో, 1298 సీసీ ఎస్టీమ్ ఇంజిన్‌కు సరిగ్గా సరిపోతుందని అనిపిస్తుంది. సైజు దాదాపు ఒకటే కదా! గాలి లెక్క చూస్తే ఇది మరీ తప్పేమీ కాదు. డీజిల్ ఇంజిన్ తక్కువ వేగంలో ఎక్కువ పీడనంతో పీల్చే గాలి, పెట్రోల్ ఇంజిన్ ఎక్కువ వేగంలో తక్కువ పీడనంతో పీల్చే గాలి దగ్గరదగ్గరగానే ఉంటాయి. తేడా పొగ వైపు వస్తుంది. పెట్రోల్ పొగ 200 డిగ్రీల దాకా ఎక్కువ వేడిగా ఉంటుంది కాబట్టి అదే బరువు వాయువు ఎక్కువ చోటు అడుగుతుంది. చిన్న టర్బైన్ అక్కడ గొంతు పట్టేస్తుంది. డీజిల్ టర్బోలో పీడనాన్ని అదుపు చేసే వేస్ట్‌గేట్ 1 బార్ పైన తెరుచుకునేలా అమర్చి ఉంటుంది. లోపలి భాగాలు మార్చని పెట్రోల్ ఇంజిన్‌కు జాగ్రత్తపరులు పెట్టుకునే హద్దు అందులో సగం కూడా ఉండదు. యాక్చుయేటర్ స్ప్రింగ్ మార్చాలి. మార్చినా ఆ చిన్న తలుపు అంత పొగను పక్కకు మళ్లించలేకపోతే, ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ పీడనం తనంతట తానే పైకి పాకుతుంది. అందుకే మేనిఫోల్డ్ కడుతున్నప్పుడే విడి వేస్ట్‌గేట్ కోసం, పొగ నేరుగా అటు మళ్లే వాలులో, ఒక గొట్టం వదులుకోవడం తెలివైన పని. తర్వాత అతికించాలంటే మళ్లీ అంతా విప్పాలి.

రెక్కలు కదిలే రకం డీజిల్ టర్బోలను పెట్రోల్ కారుకు పెట్టకపోవడమే మంచిది. పెట్రోల్ వేడికి ఆ రెక్కలు పట్టేస్తాయి. పోర్షే 2006లో తన 911 టర్బోకు ఇలాంటిది అమర్చడానికి ప్రత్యేక లోహాలు వాడాల్సి వచ్చింది.

మేనిఫోల్డ్ ఎత్తు మరో విషయాన్ని కూడా తేల్చేస్తుంది. టర్బోలోకి ఆయిల్ పంపు ఒత్తిడితో వెళ్తుంది, బయటికి మాత్రం తన బరువుతోనే జారాలి. అంటే టర్బో కింది రంధ్రం ఆయిల్ చాంబర్‌లోని ఆయిల్ మట్టం కంటే పైన ఉండాలి, గొట్టం లావుగా, ఎక్కడా పైకి లేవకుండా దిగాలి. టర్బో కిందికి పోతే ఆయిల్ వెనక్కి నిలిచి సీళ్ల గుండా పొగలోకి కారుతుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ చూసి టర్బో పాడైందనుకుని మరోటి కొంటారు. అదీ అలాగే కారుతుంది. తప్పు మేనిఫోల్డ్ ఎత్తుది.

పాకిస్థాన్‌లో ఈ తలనొప్పి కొంత తక్కువ. అక్కడికి జపాన్ నుంచి వాడిన కార్లు, ఇంజిన్లు దిగుమతి అవుతాయి కాబట్టి, మన మారుతి 800కు తోబుట్టువైన సుజుకి మెహ్రాన్‌లో జపాన్ 660 సీసీ టర్బో ఇంజిన్‌నే మొత్తంగా దించేసేవాళ్లున్నారు. కంపెనీ మేనిఫోల్డ్, టర్బో, ఆయిల్ గొట్టాలు అన్నీ దానితోనే వస్తాయి. భారత్‌లో అలాంటి పాత దిగుమతుల దారి దాదాపు మూసి ఉండటంతో అతుకు పనే మిగిలింది. ఇక ఫోక్స్‌వ్యాగన్ 1.0 టీఎస్ఐ, ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ వంటి కొత్త టర్బో ఇంజిన్లలో మేనిఫోల్డ్ హెడ్‌లోనే పోతపోసి ఉంటుంది, చుట్టూ నీళ్లు తిరుగుతాయి. వాటిలో మార్చడానికి విడి మేనిఫోల్డే లేదు.

రోడ్డు మీదికి వస్తే

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్‌ను ప్రతి ఐదేళ్లకూ పునరుద్ధరించుకోవాలి. ఎస్టీమ్‌లన్నీ ఆ వయసు దాటేశాయి. ఆ తనిఖీలో బానెట్ ఎత్తితే టర్బో దాచడానికి చోటుండదు. చెప్పకుండా మార్పులు చేశారని తేలితే బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదమూ ఉంది. ఎర్రగా కాలే మేనిఫోల్డ్ పక్కనే ఆయిల్ గొట్టం, వైర్లు వెళ్లే కారు విషయంలో బీమా చిన్న సంగతి కాదు. అందుకే ఈ పని పెట్టుకున్నవాళ్లలో పద్ధతిగా ఉండేవాళ్లు కారును ట్రాలీ మీద కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వేకో, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో తీసుకెళ్తారు.

కొత్త మేనిఫోల్డ్ బిగించాక మొదటి కొన్ని పరుగులు దానికి పరీక్ష. టర్బో బరువును ఇంజిన్ బ్లాక్ మోసేలా ఒక బ్రాకెట్ ఉండాలి. అది పక్కలకు కొద్దిగా జరగనిచ్చేలా, కిందికి మాత్రం వంగనివ్వకుండా ఉండాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక నట్లన్నీ మళ్లీ బిగించాలి. కొన్ని తప్పకుండా వదులై ఉంటాయి. హెడ్‌కూ ఫ్లాంజ్‌కూ మధ్య ఎక్కడైనా నల్లని మసి గీత కనిపిస్తే పొగ అక్కడి నుంచి తప్పించుకుంటోందని అర్థం. ఆ గీత చివరి పోర్టు దగ్గర ఉంటే నట్టును ఇంకా బిగించే ముందు, అక్కడి రంధ్రం స్టడ్డును తాకుతోందేమో విప్పి చూడాలి.