మిఠాయిలలో కల్తీ – నేరనిరూపణ

పండుగనాడు అంగడిలో పసుపుపచ్చగా మెరిసే లడ్డూను చూచి నోరూరనివారు అరుదు. ఆ మెరుపు మెటానిల్ ఎల్లో అనే అనుమతి లేని రంగుది కావచ్చు. అయితే అనుమానం ఒక్కటే వర్తకుని దోషిగా నిలుపజాలదు. 1954 నాటి కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2011 ఆగస్టు 5 నుండి అమలైన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం (2006) ఇందుకు ఒక పద్ధతిని నిర్దేశించింది.

ఆహార భద్రతాధికారి వెల చెల్లించియే నమూనాను తీసుకొనాలి. దానిని నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి ఆహార విశ్లేషకునికి వెళ్తుంది. రెండు పై అధికారి వద్ద ఉంటాయి. నాల్గవది, వర్తకుడు కోరినచో, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపబడుతుంది. నిర్దోషికి ఇదే రక్ష. విశ్లేషకుడు 14 రోజులలో నివేదిక ఇవ్వాలి. దానిపై 30 రోజులలో అప్పీలు చేసుకొనవచ్చు.

నాసిరకం వేరు, హానికరం వేరు. కోవాలో వెన్నశాతం తగ్గితే అది నాసిరకం. 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడుతుంది. హానికరమని తేలితే న్యాయస్థానంలో అభియోగం, జైలుశిక్ష. తిన్నవారి ప్రాణమే పోతే శిక్ష 7 సంవత్సరాలకు తగ్గదు, యావజ్జీవమూ కావచ్చు.

కొనుగోలుదారు సైతం రుసుము చెల్లించి పరీక్ష చేయించవచ్చు. ఈ సంగతి మనలో చాలామంది ఎరుగరు. ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే వర్తకునికి తెలుపాలి. కల్తీ రుజువైతే రుసుము తిరిగి లభిస్తుంది.