పై దవడ నొప్పి పంటిదా, జలుబుదా?

హొగేనక్కల్ వెళ్లినవారు ఒళ్లంతా నూనె పట్టించుకుని కావేరి జలపాతం కింద స్నానం చేయడం మామూలే. ఈ మర్దనను యునానీలో 'దల్క్' అంటారు. అయితే ఇంటికి తిరిగొచ్చాక జలుబు పట్టి, పై పళ్లు లాగుతుంటే కొందరు పన్ను పీకించుకోవడానికి బయలుదేరతారు. తొందరపడకండి.

పెద్దవారి కింది దవడ ఒకే ఎముక. రెండని గ్రీకు వైద్యుడు జాలీనూస్ చెప్పాడు. 1200-1202 నాటి ఈజిప్టు కరువులో చనిపోయినవారి ఎముకలను స్వయంగా పరిశీలించి, ఒకటేనని రాసినవాడు అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ.

పై దవడ మాత్రం రెండు ఎముకల కలయిక. ఒక్కోదానిలో ఒక్కో గాలి గది, అంటే సైనస్ ఉంటుంది. పెద్దవారిలో సుమారు 15 మిల్లీలీటర్లు పడుతుంది. దాని ద్వారం అడుగున కాక పైభాగంలో ఉంటుంది. జలుబుకు ఆ దారి వాస్తే కఫం నిలిచిపోతుంది. పై దంతాల వేర్లు ఈ గది అడుగును ఆనుకుని ఉండటం వల్ల నొప్పి పళ్లలో తెలుస్తుంది.

ముక్కు దిబ్బడతో పాటు వంగితే ముఖం బరువెక్కి, నాలుగైదు పళ్లు కలిసి లాగితే సైనస్‌ను అనుమానించాలి. చల్లటిది తగిలి ఒకే పన్ను జివ్వుమంటే పంటి జబ్బు కావచ్చు. ఒక ముక్కు నుంచే దుర్వాసనతో చీము వస్తుంటే కారణం పంటి వేరు కావచ్చు, దంతవైద్యునికి చూపించండి.

ఆవిరి పట్టడం (ఇన్కిబాబ్) ఉపశమనమిస్తుంది. పిల్లలను మరిగే నీటికి దూరంగా ఉంచండి. కంటి చుట్టూ వాపు, చూపు మసక, తీవ్ర జ్వరం ఉంటే చిట్కాలు మాని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.